పాత లారీ విడిభాగాలు: కాటా ధరకూ సామాను ధరకూ నడుమ

విజయవాడ జవహర్ ఆటోనగర్ వంటి కేంద్రాలలో విప్పడానికి వచ్చిన పాత లారీకి రెండు ధరలుంటాయి. మొదటిది కాటా ధర. అనగా ఇనుముగా తూచి కరిగింపుకు పంపితే వచ్చేది. రెండవది సామాను ధర. అనగా ఇంజను, గేరుబాక్సు, హౌసింగు, కమాను పట్టీలు విడివిడిగా అమ్మితే వచ్చేది. ఈ రెండింటి నడుమనున్న తేడా మీదనే పాత విడిభాగాల వర్తకమంతా నడుస్తున్నది. ఆ తేడాలో లాభమెంత, నష్టభయమెంత అన్నది తేల్చుకోకుండా బేరం కుదుర్చుకున్న వర్తకుడు సామాను ధర పెట్టి ఇనుము కొన్నట్లవుతుంది.

సరకు వచ్చే దారులు

యార్డులకు సరకు ముఖ్యంగా మూడు దారుల వస్తున్నది. ప్రమాదాలలో దెబ్బతిని, బీమా సొమ్ము చెల్లింపు అయిన తరువాత అమ్ముడయ్యే బండ్లు మొదటివి. ముందు భాగం నుజ్జయిన కొత్త లారీకి వెనుక ఇరుసు చెక్కు చెదరకుండా వుండవచ్చు గనుక వీటి సామానుకు గిరాకీ ఎక్కువ. రెండవది, యజమానులు నడిపి నడిపి వదిలిన బండ్లు. మూడవది, ప్రభుత్వ శాఖల, రవాణా సంస్థల వాహనాలు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను కొనసాగించరాదన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రావడంతో ఈ సరకు పెరిగింది.

వరదలో మునిగిన బండ్ల విషయం వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు విజయవాడలో పెక్కు వాహనాలు నీట మునిగాయి. అటువంటి బండి సామాను కడిగి, రంగు వేస్తే పైకి కొత్తదిగా కనిపిస్తుంది. గేరుబాక్సు ఆయిల్ మజ్జిగలా తెల్లబడి వున్నా, హౌసింగులో ఒండ్రు తగిలినా, వైరింగు కనెక్టర్లలో పచ్చని చిలుము పట్టినా అది నీళ్లు తాగిన సరకని గ్రహించాలి. ఎలక్ట్రానిక్ భాగాలనైతే ముట్టకపోవడమే మేలు.

ఏది కొనవచ్చు, ఏది కూడదు

గేరుబాక్సును మూత విప్పించి చూడాలి. పళ్లపై గుంటలుంటే ధర తగ్గించి బేరమాడాలి. క్రౌన్, పినియన్‌లను జతగానే కొనాలి. రెండింటిపై చెక్కిన జత నంబరు ఒకటి కాకపోతే కొద్ది రోజులకే మోత మొదలవుతుంది. క్రాంకును మైక్రోమీటరుతో కొలిపించాలి. 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల చొప్పున సానపట్టే క్రాంకు చివరి సైజుకు చేరివుంటే, అది ఎంత నిగనిగలాడినా ఇక సానకు పనికిరాదు. బ్లాకులో పగుళ్లు, వెల్డింగు అతుకులు వెతకాలి.

బ్రేకు లైనింగులు, స్టీరింగు జాయింట్లు, సీటు బెల్టులు, ఎయిర్ బ్యాగులు ఎంత చవకగా వచ్చినా కొనరాదు. వాటిలో లోపం బయటపడేది రోడ్డుమీదనే.

లెక్క ఇలా కట్టాలి

ఉదాహరణకు గేరుబాక్సు బరువు 120 కిలోలనీ, తుక్కు ధర కిలో 30 రూపాయలనీ అనుకుందాం. దాని కాటా ధర 3,600 రూపాయలు. యార్డులో చెప్పిన ధర 18,000 రూపాయలైతే, మిగిలిన 14,400 రూపాయలు ఆ గేరుబాక్సు పనిచేస్తుందన్న నమ్మకానికి పెట్టే సొమ్ము. ఇటువంటివి మూడు కొంటే పెట్టుబడి 54,000 రూపాయలు. అందులో ఒకటి చెడిపోయి తుక్కుకు పోతే తిరిగివచ్చేది 3,600 మాత్రమే. తక్కిన 50,400 రూపాయలను రెండు గేరుబాక్సులే రాబట్టాలి. అనగా కూలి, రవాణా, వడ్డీ కలపకముందే ఒక్కొక్కటి 25,200 రూపాయలు పడుతుంది. అంత ధర గిట్టని చోట మొదటి బేరమే తప్పు. యార్డువారు వాపసుకు ఒప్పుకుంటే గడువును బిల్లుమీద రాయించుకోవాలి, నోటిమాట చాలదు.

కాగితం లేని సరకు

చవకగా వచ్చే సరకులో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం దొంగసొత్తు. దొంగిలించిన వాహనాలను విప్పి అమ్ముతున్నారన్న ఆరోపణలపై ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ సోతీగంజ్ బజారును 2021 డిసెంబరులో పోలీసులు మూయించారు. అటువంటి చోట సక్రమంగా వ్యాపారం చేసేవాడి దుకాణానికీ తాళం పడుతుంది. దొంగసొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణముండి గానీ దురుద్దేశంతో కొన్నవారికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద 3 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

2021 సెప్టెంబరు నిబంధనల ప్రకారం నమోదైన స్క్రాపింగ్ కేంద్రాలు బండిని తీసుకునేముందు దొంగిలించిన వాహనాల రికార్డుతో సరిచూడాలి. యజమానికి డిపాజిట్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలైన మరో నిబంధనావళి కాలం చెల్లిన వాహనాల రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారులపై కూడా పెట్టింది. కనుక కాగితమున్న సరకుకు మున్ముందు విలువ పెరుగుతుందే గాని తరగదు. యార్డు బిల్లుపై బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు వుండాలి. నంబరు గీకివేసిన బ్లాకును ఏ ధరకూ కొనరాదు.

పన్ను సంగతి

2025 సెప్టెంబరు 22 నుంచి మోటారు విడిభాగాలన్నిటిపై జి.ఎస్.టి. 18 శాతం. పాత వస్తువులను ఉన్నవి ఉన్నట్లుగా, లేదా స్వల్ప మరమ్మతుతో తిరిగి అమ్మే నమోదిత వర్తకుడు, కొనుగోలుపై ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకపోతే, 32(5) నిబంధన కింద లాభంపైనే పన్ను కట్టవచ్చు. 10,000 రూపాయలకు కొన్నది 13,000కు అమ్మితే పన్ను 540 రూపాయలు. మొత్తంపై అయితే 2,340. కొన్న బిల్లు లేనిదే ఈ సౌకర్యం నిలబడదు. బండినే కొని విప్పి అమ్మేవారు మాత్రం ఇది తమకు వర్తిస్తుందో లేదో ఆడిటరును అడిగి తెలుసుకోవాలి.

ఇదే సామాను తుక్కుగా చేతులు మారితే లెక్క మారుతుంది. 2024 అక్టోబరు 10 నుంచి, నమోదు కాని వ్యక్తి వద్ద లోహపు తుక్కు కొన్న నమోదిత వర్తకుడే పన్ను చెల్లించవలసి వున్నది. కనుక కాటా వేసి కొన్నదెంతో, నగ లెక్కన కొన్నదెంతో చిట్టాలో మొదటిరోజునే వేరుచేసి రాసుకున్న వర్తకుడికి తరువాత చిక్కులుండవు.