పప్పు ఉడకనిచోట భోజనం

లడఖ్‌లో పాంగాంగ్ అనే సరస్సు ఉన్నది. దాని పొడవు సుమారు 134 కిలోమీటర్లు. చుట్టూ చెట్టూ చేమా లేని కొండలు, మధ్య నీలి నీళ్లు. ఆ నీళ్లు ఉప్పన, తాగటానికి పనికిరావు. ఈ సరస్సు సముద్రమట్టానికి దాదాపు 14,000 అడుగుల ఎత్తున ఉన్నది. వేసవిలో మనవాళ్లు కూడా చాలామంది అక్కడికి వెళుతున్నారు. మీరూ వెళ్లారనుకోండి. చూడటం అయ్యాక ఆకలి వేస్తుంది గదా! ఏం తింటారు?

పప్పూ అన్నమూ అంటారేమో! అక్కడే వచ్చింది చిక్కు. ఆ గట్టున గిన్నెలో కందిపప్పు వేసి పొయ్యిమీద పెడితే, నీళ్లు చక్కగా మరుగుతాయి. పప్పు మాత్రం గంటలు గడిచినా పలుకుగానే ఉంటుంది.

ఎందుకంటే, గాలికి బరువున్నది. సముద్రతీరాన ఆ బరువు నీటిని బాగా అదిమి ఉంచుతుంది గనక, 100 డిగ్రీల వేడి ఎక్కితేగాని నీరు మరగదు. పైకి పోయినకొద్దీ గాలి బరువు తగ్గుతుంది. ప్రతి 1,000 అడుగులకూ ఇంచుమించు ఒక డిగ్రీ ముందే నీరు మరిగిపోతుంది. 11,500 అడుగుల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో 88 డిగ్రీలకే, పాంగాంగ్ దగ్గర 86 డిగ్రీలకే! మంట ఎంత పెంచినా నీరు ఆవిరై పోతుందేగాని అంతకన్న వేడెక్కదు.

1835లో చార్లెస్ డార్విన్ దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలు దాటుతుండగా ఇదే జరిగింది. ఆలుగడ్డలు రాత్రంతా పొయ్యిమీద ఉన్నా, మర్నాడు మళ్లీ మరగబెట్టినా మెత్తబడలేదు. వెంట ఉన్నవాళ్లు, పాపం, తప్పంతా కొత్తకుండదేనని తేల్చారు!

లడఖ్ వాళ్లు కుండను తిట్టుకుంటూ కూర్చోలేదు. నీళ్లు లేకుండా వేయిస్తే వేడికి ఆ హద్దు ఉండదు. అందుకని బార్లీ గింజలను వేయించి పిండి విసురుకుంటారు. అది మన పేలపిండి వంటిదే. ఉప్పూ వెన్నా వేసి చిలికిన టీలో ఆ పిండి కలుపుకుని తింటారు. ఆ టీ మొదటి గుక్క మీకు నచ్చకపోవచ్చు. చలిలో రెండో గుక్క నచ్చుతుంది.

లేహ్‌లో జామా మసీదు దగ్గర సందుల్లో తందూరు రొట్టెలు కాలుస్తారు. పొద్దున్నే వెళ్లి వేడివేడిగా తినండి. సరస్సుకు వెంటనే పరుగెత్తకుండా, లేహ్‌లో రెండు మూడు రోజులు ఉండి, తేలికగా తింటూ, నీళ్లు బాగా తాగుతూ ఒంటిని ఆ గాలికి అలవాటు పడనివ్వండి. దారిలో 17,000 అడుగులు పైబడిన చాంగ్ లా కనుమ ఎక్కాలి. అలవాటు పడనివాళ్లకు తలనొప్పీ వాంతులూ పట్టుకుంటాయి. అవి తగ్గకపోతే ఇంకా పైకి పోరాదు, కిందికి దిగవలసిందే.

సరస్సు గట్టున గుడారాల హోటళ్లుంటాయి. అక్కడ థుక్పా అడగండి. కూరముక్కల పులుసులో సన్నని పిండితీగలు వేసి కాస్తారు. సన్నగా ఉండటంచేత అవి త్వరగా ఉడుకుతాయి. పప్పన్నమే కావాలంటే, కుక్కర్ ఈల వినిపించే గుడారం చూసుకోండి. కుక్కర్ ఆవిరిని పోనివ్వక బంధిస్తుంది గనక, లోపలి నీరు 100 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది.

దారిలో తినటానికి లేహ్ బజారులో ఎండు ఆప్రికాట్ పళ్లు కొనుక్కోండి. వీధి పక్కన కూర్చుని ఆడవాళ్లు అమ్ముతారు. గింజ పగలగొడితే లోపల బాదంపప్పు వంటిది ఉంటుంది. అది చేదుగా ఉంటే మాత్రం వెంటనే ఉమ్మెయ్యండి. చేదుపప్పులో విషం ఉంటుంది.