మెగ్గర్: తీగల్లో దాగిన తడిని పట్టే పెట్టె

భిలాయి నుంచి సముద్రం చూడాలంటే దుర్గ్‌లో రైలెక్కి రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ, విజయనగరం మీదుగా ఐదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖలో దిగాలి. ఊరికి సముద్రం అంత దూరమైనా, ఊరి ఉక్కు మాత్రం సముద్రం మీదే తిరుగుతోంది. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌కు ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ దాదాపు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కు ఇచ్చింది. అది భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాల్లో తయారైంది. డీఎంఆర్ 249ఏ అనే ఆ ఉక్కులో ఏ లోహం ఎంత పాలు ఉండాలో తేల్చింది హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల.

ఆ ఉక్కు గోడల మధ్య రమారమి 2,500 కిలోమీటర్ల కరెంటు కేబుల్ పరుచుకుని ఉంది. ఉక్కులో కరెంటు హాయిగా పారుతుంది. కేబుల్‌లోని రాగికీ నౌక ఒంటికీ మధ్య ఉన్న అడ్డు పలచటి ఇన్సులేషన్ ఒక్కటే. కొత్తలో అది గట్టిగానే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి పెళుసుబారుతుంది, ఇంజను అదురుకు ఒరుసుకుపోతుంది, ఉప్పుతడిని పీల్చుకుంటుంది. పాత నౌకలో తీగ తెగితే పెద్ద బాధ లేదు. దీపం ఆరుతుంది, వెతికితే చోటు దొరుకుతుంది. తీగ బాగానే ఉండి, దాని తొడుగు లోలోపల నీరసించినప్పుడే అసలు చిక్కు. ఆ నీరసాన్ని అంకెల్లో చూపించే పరికరం మెగ్గర్. విశాఖ డాక్‌లోనూ, భిలాయి మోటారు షాపుల్లోనూ పాత ఎలక్ట్రీషియన్లకు బాగా అలవాటైన పెట్టె అది.

దాని పుట్టుకకు దారి వేసింది కూడా నౌకలే. 1880లో ఎడిసన్ బల్బులు అతని ప్రయోగశాల దాటి తొలిసారి వ్యాపార అవసరానికి వెలిగింది కొలంబియా అనే ఆవిరి నౌకలో. ఆ కాలపు తీగలకు నూలు చుట్టి రంగో మైనమో పూసేవారు. పొడి ఇంట్లో అది చాలునేమో గాని ఉప్పుగాలికి ఏ మాత్రం ఆగదు. బ్రిటిష్ యుద్ధనౌక ఇన్‌ఫ్లెక్సిబుల్‌లో 800 వోల్టుల కరెంటు పెట్టారు. 1882లో ఆ నౌకలో షాకు తగిలి ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ నౌకాదళంలో కరెంటుకు అదే తొలి బలి. తరువాత వాళ్లు 80 వోల్టులకు దిగారు.

వోల్టేజి తగ్గించడం జాగ్రత్తే, కానీ తొడుగు ఎంత బాగుందో అది చెప్పదు. అప్పట్లో ఆ కొలతకు టెలిగ్రాఫ్ ఇంజనీర్లు సున్నితమైన గాల్వనోమీటర్లు వాడేవారు. కదలకుండా నిలిచిన బల్ల, ఓపిక, వరసగా పేర్చిన బ్యాటరీలు ఉంటేనే అవి పనిచేసేవి. అదిరే ఇంజను గదిలో వాటితో సాగే పని కాదు. లండన్‌లో సిడ్నీ ఎవర్‌షెడ్ అనే ఇంజనీరు ఈ చిక్కును పట్టుకున్నాడు. 1889 నాటికి చేత్తో మోసుకుపోగలిగే ఇన్సులేషన్ టెస్టరు తయారైంది. 1895లో అతను ఎర్నెస్ట్ విన్యోల్స్‌తో కలిసి ఎవర్‌షెడ్ అండ్ విన్యోల్స్ కంపెనీ పెట్టాడు. 1903లో మెగ్గర్ అన్న పేరు ట్రేడ్‌మార్కుగా నమోదైంది. కంపెనీలు ఎన్ని వచ్చినా, పెట్టె మీద ఏ పేరున్నా, మన ఎలక్ట్రీషియన్లకు అదంతా మెగ్గరే.

పాత మెగ్గర్‌ను విప్పి చూస్తే ఇంజనీరింగ్ మీద గౌరవం పెరుగుతుంది. పక్కన మడత పెట్టే చేపిడి, దాని వెనుక చిన్న డీసీ జనరేటరు. నిమిషానికి 160 చుట్ల వేగం దాటగానే క్లచ్ జారుతుంది. ఆ జారడం చేతికి తెలుస్తుంది. ఎంత గట్టిగా తిప్పినా వోల్టేజి 500 దగ్గరే నిలుస్తుంది. అసలు తెలివంతా మీటరులో ఉంది. ఒకే ఇరుసు మీద కోణంలో బిగించిన రెండు కాయిల్స్, చుట్టూ శాశ్వత అయస్కాంతం. ఒక కాయిల్‌లో జనరేటరు వోల్టేజికి తగ్గ కరెంటు పారి సూదిని అనంతం వైపు లాగుతుంది. రెండోదాంట్లో ఇన్సులేషన్ గుండా కారిన కరెంటు పారి సున్నా వైపు లాగుతుంది. సూది నిలిచే చోటు ఆ రెండింటి నిష్పత్తి. అందుకే చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా రీడింగు చెడదు. సూదిని వెనక్కి లాగే స్ప్రింగు లేదు గనక పని లేనప్పుడు అది ఎక్కడ పడితే అక్కడ ఆగి ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు మీటరు పాడైందనుకునేది దాన్ని చూసే.

మామూలు మల్టీమీటరుతో ఈ పని ఎందుకు కాదు? అది పరీక్షించేది కొద్ది వోల్టులతోనే. తొడుగులో సన్నటి పగులు, అందులో ఆరీ ఆరని ఉప్పు ఉన్నా అంత చిన్న వోల్టేజికి కరెంటు కదలకపోవచ్చు. మల్టీమీటరు అంతా బాగుందంటుంది. 440 వోల్టుల సరఫరా ఇవ్వగానే అదే పగులు దారి ఇస్తుంది. మెగ్గర్ సరఫరా ఆపి ఉన్నప్పుడే 500 వోల్టులు ఇచ్చి, కారేదెంతో కొలుస్తుంది. ఒక మెగా ఓమ్ చూపిస్తే కారుతున్నది అర మిల్లీ ఆంపియరు. కిలోవోల్టుకు ఒక మెగా ఓమ్, దాని మీద ఇంకొకటి ఉంటే మోటారును నడపవచ్చన్నది చాలాకాలం సాగిన లెక్క.

నౌకల్లో ఇంకో విశేషం ఉంది. ఇళ్లల్లో న్యూట్రల్‌ను భూమికి కలుపుతారు. పెద్ద నౌకల్లో సాధారణంగా కలపరు, సరఫరా మొత్తం ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది. అంతర్జాతీయ నౌకా భద్రతా నియమాల ప్రకారం 1,600 టన్నులు, ఆపైన ఉన్న నౌకల్లో పవరుకు, దీపాలకు నౌక ఒంటినే తిరుగు దారిగా వాడకూడదు. ఈ పద్ధతి వల్ల ఒక ఫేజు ఎక్కడో ఎర్తు అయినా ఏదీ ఆగదు. తుపానులో స్టీరింగు మోటారు ఆగకుండా ఉండాలంటే ఇదే మేలు. ప్రమాదం రెండో ఎర్తుతో వస్తుంది. ఇంకో ఫేజు ఇంకో చోట ఒంటికి తగిలిన క్షణం, మధ్యనున్న ఉక్కు గుండా పూర్తి షార్టు.

అందుకని స్విచ్‌బోర్డు మీద మూడు దీపాలు ఉంచుతారు, ఒక్కో ఫేజుకు ఒకటి, మూడూ ఒంటికి కలిపి. అన్నీ సమానంగా వెలిగితే క్షేమం. ఒకటి మసకబారి, మిగతా రెండూ ఎక్కువ కాంతినిస్తే మసకబారిన ఫేజు ఎర్తు అయినట్టు. ఎక్కడ అయిందో దీపం చెప్పదు. వాచ్‌లో ఉన్నవాడు ఒక్కో బ్రేకరు దించుతూ పోతాడు. ఏది దించితే దీపాలు సమానమవుతాయో లోపం ఆ లైనులో ఉంది. అప్పుడు మెగ్గర్ బయటికి వస్తుంది. ముందు ఆ లైనులోని ఎలక్ట్రానిక్ పరికరాలను విడదీయాలి, లేకపోతే 500 వోల్టులకు అవి పోతాయి. లైనును నడిమి జంక్షన్ బాక్సులో విప్పి రెండు సగాలనూ విడివిడిగా చూస్తారు. చెడ్డ సగాన్ని మళ్లీ సగం చేస్తారు. పెంకుటింట్లో చినుకు పడే చోటు ఒకటి, పెంకు పగిలిన చోటు ఇంకొకటి అయినట్టే, డెక్కు మీద కేబుల్ దూరే చోట బిగించిన గ్లాండులోంచి దిగిన నీరు కేబుల్ వెంట జారి, రెండు గదుల అవతల టెర్మినల్ దగ్గర పచ్చటి చిలుమై కనిపిస్తుంది. చిలుమును గోకి ఊరుకుంటే మళ్లీ వర్షానికి అదే కథ.

విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా లోపలికి వెళితే ఈ కష్టమెంతో కళ్లకు కడుతుంది. 1969 డిసెంబరు 18న రిగాలో సేవలో చేరిన ఈ సోవియట్ జలాంతర్గామి 2001 ఫిబ్రవరి 27 దాకా పనిచేసింది. దాని తరగతి పడవల్లో 448 సీసపు బ్యాటరీ సెల్స్ ఉండేవి. ఛార్జింగులో లేచే ఆమ్లపు తుంపర సెల్స్ పైన పలచటి తడిపొరగా పరుచుకుంటుంది. ఆ పొర మీదుగా కరెంటు కారుతుంది. తుడిచి కొలవడం, మళ్లీ తుడవడం తప్ప దానికి వేరే మందు లేదు. సందర్శకులు పెరిస్కోపు దగ్గరే గుమిగూడతారు. పైన గుత్తులు గుత్తులుగా సాగే కేబుల్ దారులను చూడటానికీ రెండు నిమిషాలు ఆగడం మంచిది. 31 ఏళ్ల పాటు వాటిని పొడిగా ఉంచినవాళ్ల కష్టం అక్కడుంది.

ఫిషింగ్ హార్బరులోని మరపడవల్లో 12, 24 వోల్టుల బ్యాటరీ సరఫరాకు షాకు భయం ఉండదు. అక్కడ నష్టం లోహానికి. పడవ అడుగున చేరే బిల్జి నీళ్లలో మునిగిన పాజిటివ్ తీగ నుంచి కరెంటు షాఫ్టు, చుక్కాని గుండా సముద్రంలోకి పారితే లోహం కరుగుతుంది. ఒక్క ఆంపియరు డీసీ ఏడాది పాటు ఉక్కులోంచి నీళ్లలోకి పారితే తొమ్మిది కిలోల ఇనుము పోతుంది. ఒంటికి బిగించే జింకు దిమ్మలు ఎన్ని మార్చినా కారే తీగను పట్టుకోనిదే ఆ నష్టం ఆగదు.

నీళ్లలో మునిగిన మోటారు విషయంలో చాలామంది తొందరపడతారు. వెంటనే హీటరు పెట్టి ఆరబెడతారు, మెగ్గర్ పదో ఇరవయ్యో మెగా ఓమ్‌లు చూపిస్తుంది, బిగించేస్తారు. నీరు పోయింది గాని ఉప్పు పోలేదు. ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది, ముసురు పట్టిన రోజున రీడింగు పడిపోతుంది. ముందు మంచినీళ్లతో కడగాలి, ఉప్పు పోయేదాకా మళ్లీ మళ్లీ కడగాలి. ఆరబెట్టడం ఆ తరువాతే.

భిలాయిలో ఉప్పు లేదు, దాని బదులు వేడి, ఇనుప దుమ్ము ఉన్నాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించాక, ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో. రోలింగు మిల్లు మోటారు ఆగి చల్లబడిందంటే వానాకాలంలో అది తేమ పీలుస్తుంది. నడిపే ముందు మెగ్గర్ తప్పదు. పెద్ద మోటారుకు ఒక నిమిషం దగ్గర ఒక రీడింగు, పది నిమిషాల దగ్గర ఇంకొకటి తీస్తారు. వైండింగు పొడిగా ఉంటే రీడింగు నిదానంగా ఎక్కుతూ పోతుంది. తడిసి ఉంటే మొదట్లోనే ఆగిపోతుంది. పదో నిమిషపు అంకెను మొదటి నిమిషపు అంకెతో భాగిస్తే రెండు, ఆపైన రావాలి.

ఒంటరిగా చూస్తే ఏ రీడింగూ పెద్దగా చెప్పదు. ఇన్సులేషన్ ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే విలువ దాదాపు సగమవుతుంది, కాబట్టి మే నెల ఐదు మెగా ఓమ్‌లూ జనవరి ఐదు మెగా ఓమ్‌లూ ఒకటి కావు. రెండు మెగా ఓమ్‌ల దగ్గర ఏళ్ల తరబడి నిలిచిన పాత మోటారు కన్నా, నాలుగు నెలల్లో 200 నుంచి 20కి జారిన కేబుల్ గురించే ఎక్కువ కంగారు పడాలి. ఆ జారుడు పాత రీడింగుల పుస్తకం ఉన్నచోటే తెలుస్తుంది.

నేటి నౌకల్లో ఇన్సులేషన్ మానిటర్లు వచ్చాయి. సరఫరా నడుస్తుండగానే చిన్న సంకేతాన్ని లైన్ల మీదికి పంపి, కారేదెంతో రాత్రీ పగలూ కొలుస్తాయి. కొన్ని ఏ ఫీడరులో లోపముందో కూడా చెబుతాయి. ఆపై జంక్షన్ బాక్సు మూత విప్పేది మనిషే. నల్లబడిన రాగిని మెరిసే చోటిదాకా వెనక్కి కోస్తాడు, తగరం పూత ఉన్న కొత్త లగ్గు నొక్కుతాడు, గ్లాండు రబ్బరు మారుస్తాడు, మళ్లీ మెగ్గర్ తిప్పుతాడు. నిమిషం పూర్తయ్యాక లైనులో మిగిలిన ఛార్జిని ఎర్తుకు వదిలి, ఉష్ణోగ్రతతో సహా ఆ రోజు విలువను పుస్తకంలో ఎక్కించాకే బ్రేకరు పైకెత్తుతాడు.