యుద్ధ చిత్రం చూశాక చర్చ నడపడం ఎలా?



సినిమా చూసి బయటికి రాగానే "బాగుంది", "బోరు కొట్టింది" అనేసి ఊరుకోవడం మనకు అలవాటే. యుద్ధం మీద తీసిన డాక్యుమెంటరీని మాత్రం అలా వదిలేయలేం. అందులో చనిపోయినవారు నిజంగా బతికిన మనుషులు. అలాంటి చిత్రం చూశాక పై తరగతులవారు తమ బృందంలో చర్చ ఎలా నడపాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఎరాల్ మోరిస్ తీసిన 'ది ఫాగ్ ఆఫ్ వార్' 2003లో విడుదలైంది. ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ అందుకుంది. గంటా ముప్పావు సాగే ఈ చిత్రంలో ముఖాముఖి ఒక్కరితోనే. ఆయన రాబర్ట్ మెక్‌నమారా, వియత్నాం యుద్ధకాలంలో, 1961 నుంచి 1968 వరకు, అమెరికా రక్షణ మంత్రి. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయన బాంబు దాడుల ఫలితాలు లెక్కగట్టే యువ అధికారి. 1945 మార్చి 9 రాత్రి అమెరికా విమానాలు టోక్యో మీద నిప్పుల వాన కురిపించాయి. తెల్లవారేసరికి దాదాపు లక్షమంది చనిపోయారు. మనం ఓడిపోయి ఉంటే మనల్నే యుద్ధ నేరస్థులుగా బోనెక్కించేవారని తన పై అధికారి అన్నట్టు ఆయన చెబుతారు. ఓడితే నేరమైన పని గెలిస్తే ఎలా కాకుండా పోతుందని తానే అడుగుతారు.

ఈ ప్రశ్న దగ్గరికి మూడు మెట్లలో వెళ్లండి.

మొదటి మెట్టు: ఏం చూశాం? అభిప్రాయాలు కాసేపు ఆపండి. చూసినవి, విన్నవి మాత్రమే అయిదు నిమిషాలు నోటు పుస్తకంలో రాయించండి. ముందు రాస్తే గొంతు పెద్దదైనవారే గెలవడం తగ్గుతుంది.

రెండవ మెట్టు: ఎవరి బాధ్యత ఎంత? ఆజ్ఞ ఇచ్చినవారు, పథకం వేసినవారు, విమానం నడిపినవారు, తెలిసీ ఊరుకున్న ప్రజలు అని బోర్డు మీద నాలుగు గళ్లు గీయండి. ప్రతి గడికీ మూడు ప్రశ్నలు వేయండి: వారికి ఏం తెలుసు? వద్దనే వీలు ఉందా? వద్దంటే ఏమయ్యేది? పైవారి ఆజ్ఞ ప్రకారమే చేశామన్న మాట న్యూరెంబర్గ్ విచారణలో నిందితులను కాపాడలేదు. యుద్ధంలోనూ పౌరులకు, ఖైదీలకు రక్షణ ఉండాలని 1949 నాటి జెనీవా ఒప్పందాలు చెప్పాయి. వాటికోసం మన దేశం 1960లో చట్టం చేసింది. అంటే యుద్ధం చేయాలా వద్దా అన్నది ఒక ప్రశ్న, యుద్ధంలో ఎలా నడుచుకోవాలన్నది మరో ప్రశ్న. రెండింటినీ కలపకండి.

మూడవ మెట్టు: ఎవరి గొంతు వినబడలేదు? టోక్యోలో ఇల్లు కాలినవారితో గానీ, వియత్నాం ప్రజలతో గానీ ఈ చిత్రంలో ముఖాముఖి లేదు. అది దర్శకుడి ఎంపిక. ఆ ఎంపికనూ ప్రశ్నించాలి.

ఒక జాగ్రత్త. ఏ ఊరికి బదిలీ అయినా నా తరగతిలో సైనికుల పిల్లలు ఉంటూనే ఉన్నారు. వారికి ఇది ఇంటి సంగతి. నాన్న సరిహద్దులో ఉన్న అమ్మాయిని "మీ నాన్నగారైతే ఏం చేస్తారు?" అని నలుగురిలో అడగకండి. తానుగా చెబితే వినండి, చెప్పకపోతే వదిలేయండి. అలాగని ఆమె ఉందని చర్చే మానేయడం కూడా మర్యాద కాదు. ఈ ప్రశ్న బరువు యూనిఫాం ఉన్న ఇంట్లోవారికే ఎక్కువ తెలుసు.

చిత్రం చివర్లో, వియత్నాం విషయంలో మీరు బాధ్యులని అనుకుంటున్నారా అని అడిగితే మెక్‌నమారా జవాబు దాటేస్తారు. దీని పక్కన అశోకుణ్ణి పెట్టి చూడండి. కళింగలో లక్షమంది హతులయ్యారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించామని ఆయన 13వ శిలాశాసనంలో పశ్చాత్తాపంతో చెక్కించాడు. ఆ శాసనం ఉన్న చోట్లలో మన కర్నూలు జిల్లా ఎర్రగుడి ఒకటి. అయితే దెబ్బతిన్న కళింగలోని ధౌళి, జౌగఢ బండల మీద మాత్రం అది లేదు! తప్పు ఒప్పుకోవలసింది ఎవరి ముందు? బృందానికి ఈ ప్రశ్న ఇవ్వండి.

తీర్పు కోసం చేతులు ఎత్తించకండి. "ఈ చర్చతో నా అభిప్రాయంలో మారింది ఏమిటి?" అని ప్రతి ఒక్కరి చేతా ఒక్క వాక్యం రాయించి ముగించండి. ఏమీ మారలేదని రాసినా పరవాలేదు, ఎందుకో రాస్తే చాలు.