డబ్బు పెట్టకముందు... కారం పట్టించారు!

గుంటూరు కోల్డ్ స్టోరేజీలో నాన్న మిర్చి టిక్కీలున్నాయి. రేటు పెరుగుతుందని ఎదురుచూపు. ఏటా ఇదే కథ. ‘మనమే కారం పట్టించి ప్యాకెట్లు అమ్మితే?’ అని నేనంటే అమ్మది ఒకటే మాట. ‘హైదరాబాద్‌లో లక్షణమైన ఉద్యోగం ఉందిగా! వ్యవసాయంలో డబ్బు పెట్టి బాగుపడ్డోళ్లు ఎవరే?’

ఆ ప్రశ్న పట్టుకుని ఫోన్‌లో వెతుకుతుంటే ఓ పేరు దొరికింది. ఎన్డిడి న్వునేలి. నైజీరియా ఆవిడ. ఎక్కడి నైజీరియా, ఎక్కడి గుంటూరు అనుకుంటూనే తెల్లారేదాకా చదివా. ఎందుకంటే వ్యవసాయంలో ఆవిడ తొలి వ్యాపారం కూడా మసాలా దినుసులే!

కొలువు వదిలి...

ఎన్డిడి ఎనుగు నగరంలో పెరిగారు. అమ్మానాన్నలిద్దరూ ప్రొఫెసర్లు. అమెరికాలోని వార్టన్‌లో డిగ్రీ, మెకిన్సేలో కన్సల్టెంట్ ఉద్యోగం, 1999లో హార్వర్డ్ ఎంబీఏ. మనింట్లో అయితే ‘ఇక సెటిలైపోయింది’ అనేస్తారు. ఆవిడ మాత్రం 2000లో సొంత దేశానికి వచ్చేశారు. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లకు అండగా ఉండే ఫేట్ ఫౌండేషన్‌ను నడిపారు. 2002లో యువత కోసం లీప్ ఆఫ్రికా స్థాపించారు.

2009లో భర్త మెజువోతో కలిసి ఏస్ ఫుడ్స్ మొదలుపెట్టారు. అల్లం బాగా పండించే దేశాల్లో నైజీరియా ఒకటి. మిర్చికీ కొదవ లేదు. అయినా షాపుల్లో విదేశీ మసాలా డబ్బాలు, పొలాల దగ్గర కుళ్లిపోయే పంట! చిన్న రైతుల దగ్గర కొని, ఎండబెట్టి, పొడి పట్టించి అమ్మడమే ఏస్ ఫుడ్స్ పని.

వినడానికి ఎంత తేలికో కదా! కానీ అక్కడ కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. ఫ్యాక్టరీ అంటే జనరేటర్, డీజిల్ ఖర్చు తప్పవు. సరిగా ఎండని మిర్చికి బూజు పడితే పెద్ద కంపెనీలు లోడు వెనక్కి పంపేస్తాయి. ఈ బాధలన్నీ పుస్తకంలో చదివితే తెలిసేవి కాదు.

వడ్డీ కాదు, వాటా!

అదే దంపతులు సహేల్ క్యాపిటల్ కూడా ప్రారంభించారు. ఆ సంస్థ 2014లో తెచ్చిన వ్యవసాయ ఫండ్ పేరు ఫాఫిన్. నైజీరియా వ్యవసాయ శాఖ, అక్కడి సార్వభౌమ నిధి, జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ ఇందులో డబ్బు పెట్టాయి. చివరికి ఫండ్ దాదాపు 6.6 కోట్ల డాలర్లకు చేరింది. పెట్టుబడుల పని మెజువో చూసుకుంటే, సలహాలిచ్చే సహేల్ కన్సల్టింగ్‌ను ఎన్డిడి నడిపారు.

ఇక్కడ నాకు అసలు విషయం అర్థమైంది. బ్యాంకు లోన్ తీసుకుంటే వెంటనే ఈఎంఐ మొదలు. పంటకీ ఫ్యాక్టరీకీ ఆ తొందర తెలియదుగా! ఇలాంటి ఫండ్ అప్పు ఒక్కటే కాదు, కంపెనీలో వాటా కూడా తీసుకుంటుంది. బోర్డులో కూర్చుంటుంది. ఏళ్ల తరబడి ఆగి, కంపెనీ ఎదిగాక వాటా అమ్ముకుంటుంది. మునిగితే తనూ మునుగుతుంది.

ఆ డబ్బు ఎక్కడికెళ్లిందో చూడండి. ఒకటి, కానో ప్రాంతంలోని ఎల్ అండ్ జెడ్ పాల కంపెనీ. పాలపొడిని భారీగా దిగుమతి చేసుకునే దేశంలో స్థానికంగా పాలు, పెరుగు తయారు చేసే సంస్థ అది. ఇంకొకటి, కోగి రాష్ట్రంలో కర్రపెండలం నుంచి పిండి పదార్థం తీసే క్రెస్ట్ ఆగ్రో. మన సగ్గుబియ్యం వచ్చేది ఆ దుంప నుంచే. ప్రపంచంలో దాన్ని అందరికంటే ఎక్కువ పండించేది నైజీరియానే. తవ్విన రెండు మూడు రోజుల్లోనే పాడవడం మొదలవుతుంది కాబట్టి ఫ్యాక్టరీ పొలానికి దగ్గర్లో లేకపోతే రైతు శ్రమంతా మట్టిపాలే.

అంతా సాఫీ అనుకోకండి. 2023 జూన్‌లో డాలరు సుమారు 460 నైరాలు. ఏడాది తిరక్కముందే 1,500 దాటింది. అంటే నైరాల్లో వ్యాపారం రెట్టింపు చేసి చూపించినా, డాలర్లు పెట్టినవాళ్ల లెక్కలో అది నష్టమే! ఆఫ్రికా వ్యవసాయంలో డబ్బు పెట్టాలంటే పంట, కరెంటు, రోడ్డుతో పాటు ఈ గండం కూడా దాటాలి.

ఎన్డిడి 2021లో ఆఫ్రికా ఆహార వ్యాపారులపై పుస్తకం రాశారు. 2024లో పేదరికంపై పోరాడే అంతర్జాతీయ సంస్థ ‘వన్’కు సీఈఓ అయ్యారు.

మరి నా సంగతి?

ఉద్యోగం మానలేదు. లోన్ కోసం పరిగెత్తలేదు. నాన్నని ఒక్క టిక్కీ అడిగా. తొడిమలు తీయించి, మర పట్టించి, తెలిసినవాళ్లకు అమ్మా. తొడిమల కూలీ, తరుగు, మర ఖర్చు, ప్యాకింగ్, బస్సులో పార్సిల్ పోగా మిగిలింది చాలా తక్కువ. కానీ ఎక్కడెంత పోతుందో ఇప్పుడు పైసాతో సహా రాసిపెట్టుకున్నా. రేపు ఎవరైనా ‘డబ్బు పెడతాం, లెక్క చూపించు’ అంటే చూపించడానికి ఓ నోట్‌బుక్ ఉంది.

అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. అయితే రెండో టిక్కీ ఇంటికి రాగానే, తుమ్ముతూనే తొడిమలు తీయడానికి కూర్చుంది. ‘కూలీ డబ్బులైనా మిగులుతాయిలే’ అంటూ!