చెక్ ఇంజన్ లైటు వెలిగిందా? సెన్సర్ మార్చే ముందు ఒక్క మాట

ఎమ్మెస్ చేయడానికి అమెరికా వచ్చిన మన పిల్లల్లో చాలామంది మొదట కొనేది పదిహేను, ఇరవై ఏళ్ల పాత కారే. ఇండియాకు తిరిగి వెళ్లిపోతున్నవారెవరో వాట్సాప్ గ్రూపులో పెడతారు. రూమ్మేట్లు నలుగురూ కలిసి మూడు, నాలుగు వేల డాలర్లు పోగేసి తెచ్చుకుంటారు. స్థిరపడిన ఇళ్లలోనూ రెండో బండిగానో, పదహారేళ్లు నిండిన పిల్లలకు మొదటి బండిగానో ఇలాంటిదొకటి ఉంటుంది. అది ఒకరోజు రెడ్ సిగ్నల్ దగ్గర వణకడం మొదలుపెడుతుంది. 700 దగ్గర నిలకడగా ఉండాల్సిన ఆర్పీఎం ముల్లు 500కు పడి, 1,100కు లేచి, మళ్లీ పడుతుంది. డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. షాపుకు తీసుకెళ్తే కోడ్ చదివి ఫలానా సెన్సర్ పోయిందంటారు. డబ్బు కట్టి మార్పిస్తాం. వారం తిరక్కుండానే అదే లైటు, అదే వణుకు.

ఇది చిరాకుతో పోయే వ్యవహారం కాదు. లెఫ్ట్ టర్న్ మధ్యలో ఇంజన్ ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కిపోతుంది. రెండు మూడుసార్లు తొక్కాక బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఎదురుగా వాహనాలు వస్తుంటే కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న పిల్లలు ఆ క్షణంలో ఏం చేయగలరు?

కార్బురేటర్ బళ్ల కాలంలో మన ఊళ్లలో ఇది పది నిమిషాల పని. షెడ్డులో మెకానిక్ పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజన్‌కు, పిడిని చెవికి ఆనించి వినేవాడు. ఒక స్క్రూ పావు చుట్టు తిప్పి ‘స్లో’ సెట్ చేసి పంపేసేవాడు. ఇప్పుడా స్క్రూ పనిని కంప్యూటర్ చేస్తోంది. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఎంత గాలి వదలాలో, దానికి ఎంత పెట్రోలు కలపాలో క్షణక్షణం లెక్కకడుతుంది. ఆ లెక్కకు అంకెలు అందించేవే సెన్సర్లు.

ఫిర్యాదు చేసినవాడే దొంగా?

అమెరికాలో 1996 మోడల్ నుంచి అమ్మిన కార్లన్నింటికీ ఓబీడీ-2 తప్పనిసరి. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. ఇరవై, ముప్పై డాలర్ల బ్లూటూత్ అడాప్టర్ అందులో పెట్టి ఫోన్‌లో యాప్ తెరిస్తే, కోడ్‌తో పాటు సెన్సర్లు ఆ క్షణంలో పంపుతున్న అంకెలన్నీ కనిపిస్తాయి. కోడ్ ఒక్కటే కావాలంటే విడిభాగాల దుకాణాలు చాలావరకు ఉచితంగానే చదివిపెడతాయి. అసలు సంగతి తెలిసేది మాత్రం ఆ అంకెల్లోనే.

ఐడ్లింగ్ సమస్యల్లో తరచూ కనిపించే కోడ్ పి0171. మిశ్రమం పల్చగా ఉంది, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని దాని అర్థం. ఆ మాట చెప్పింది ఎగ్జాస్ట్ గొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్. తాను చెడిపోయానని అది అనలేదు. పొగలో ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తోందని ఫిర్యాదు చేసింది, అంతే. చాలాచోట్ల ముందు మార్చేది మాత్రం ఆ సెన్సర్‌నే! మన సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది కొత్తేం కాదు. లాగ్‌లో ఎర్రర్ పడిన లైనులోనే బగ్ ఉంటుందని ఎవరైనా అంటే నవ్వుతాం. కారు విషయంలో మాత్రం ఆ మాటే నమ్మి కార్డు గీకేస్తాం.

ఎయిర్ ఫిల్టర్ దాటగానే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంటుంది. అందులో ఒక సన్నని వేడి తీగ. గాలి దాన్ని చల్లబరుస్తూ ఉంటుంది, తిరిగి అదే వేడికి తేవడానికి ఎంత కరెంటు పట్టిందో దాన్నిబట్టి కంప్యూటర్ గాలి బరువు తెలుసుకుంటుంది. 2.4 లీటర్ల ఇంజన్ ఐడ్లింగ్‌లో సెకనుకు సుమారు రెండు, మూడు గ్రాముల గాలి పీలుస్తుంది. ప్రతి 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు అన్నది మూల లెక్క. ఆ సెన్సర్ దాటిన తర్వాత గొట్టంలో ఎక్కడో పగులుంటే అక్కడి నుంచి కూడా గాలి లోపలికి వస్తుంది. అది ఎవరి లెక్కలోనూ లేని గాలి. మిశ్రమం పల్చబడుతుంది, ఆక్సిజన్ సెన్సర్ అరుస్తుంది, కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. ఎంత శాతం పెంచిందో, ఎంత తగ్గించిందో రాసుకునే పద్దు పేరే ఫ్యూయల్ ట్రిమ్. యాప్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండుంటాయి. రెండూ కూడాలి. మొత్తం పది శాతం అటూఇటూ ఉంటే మామూలే. పాతిక దాటిందంటే ఏదో తేడా ఉన్నట్టే.

1,640 డాలర్ల అంచనా

డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో చదువుకునే తెలిసినవాళ్ల అబ్బాయి కారు ఉదాహరణగా చెబుతాను. 2004 మోడల్, నాలుగు సిలిండర్ల సెడాన్. పార్క్‌లో ఉంటే ఫర్వాలేదు. డ్రైవ్‌లో పెట్టి బ్రేకు మీద ఆగితే వణుకు, ఏసీ వేస్తే ఆగిపోవడం. ఆగస్టు ఎండలో ఏసీ లేకుండా ఇక్కడ బతకలేం. పి0171, ఐడ్లింగ్ అదుపులో లేదని చెప్పే పి0505, కేటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే పి0420, మూడు కోడ్‌లూ ఉన్నాయి. ఒక షాపులో ఎయిర్ ఫ్లో సెన్సర్, రెండు ఆక్సిజన్ సెన్సర్లు, కన్వర్టర్ అన్నీ మార్చాలని 1,640 డాలర్లకు అంచనా రాసిచ్చారు. ‘‘సెమిస్టర్ ఫీజు కట్టాల్సిన నెల అంకుల్, ఏం చేయను?’’ అన్నాడు.

ఇంజన్ బాగా వేడెక్కాక చూస్తే ఐడ్లింగ్‌లో ట్రిమ్‌ల మొత్తం 27 శాతం. యాక్సిలరేటర్ కాస్త తొక్కి 2,500 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచితే అది 5కు దిగింది. సగం కేసు అక్కడే తేలిపోయింది. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చేదే కొంచెం గాలి కాబట్టి పగులు నుంచి వచ్చే వాటా పెద్దదవుతుంది. వేగం పెరిగాక అసలు గాలి ముందు ఆ వాటా చిన్నబోతుంది. ఎయిర్ ఫ్లో సెన్సర్ మురికి పట్టినా, పెట్రోలు పంపు బలహీనపడినా కథ సాధారణంగా తిరగబడుతుంది. లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంది. ఆక్సిజన్ సెన్సర్ కూడా ఆరోగ్యంగానే ఉంది. యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కగానే రిచ్ వైపు, వదలగానే లీన్ వైపు వెంటనే మారింది.

టార్చి వేసి వెతికితే ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్‌కు వెళ్లే నల్ల రబ్బరు గొట్టం అడుగున, ముడతల మధ్య రెండంగుళాల చీలిక. పైనుంచి చూస్తే కనపడదు, వేలు పెట్టి తడిమితేనే తెలుస్తుంది. డ్రైవ్‌లో పెట్టగానే ఇంజన్ కొద్దిగా ఒరుగుతుంది, ఆ ఒరుగుడుకు చీలిక నోరు తెరుస్తోంది. పార్క్‌లో బాగుండి డ్రైవ్‌లో వణకడానికి కారణం అదీ. గొట్టం ఖరీదు 34 డాలర్లు. బిగించడానికి అరగంట.

కంటికి దొరకని లీకులకు షాపుల్లో స్మోక్ టెస్ట్ చేస్తారు. ఇన్‌టేక్‌లోకి పొగ పంపితే అది ఎక్కడి నుంచి బయటికొస్తే అక్కడే పగులు. వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి శబ్దం మారుతుందేమో చూసే పద్ధతి యూట్యూబ్‌లో ఎక్కువ కనిపిస్తుంది. మండే ద్రవం అది, పిల్లలున్న ఇంట్లో గరాజ్ తలుపు మూసుకుని అలాంటి ప్రయోగాలు వద్దు. ఇంకో మాట. కొన్ని కార్లలో ఎయిర్ ఫ్లో సెన్సర్ బదులు మ్యాప్ సెన్సర్ ఉంటుంది. వాటిలో లీకుంటే ట్రిమ్ పెద్దగా మారకుండా ఐడ్లింగే పెరిగిపోవచ్చు.

కథ అంతటితో సుఖాంతం కాలేదు. వణుకు పోయింది, పి0171 మళ్లీ రాలేదు. పి0420 మాత్రం మూడు వారాలకు తిరిగొచ్చింది. ఎగ్జాస్ట్ గొట్టంలో లీకు లేదని తేల్చుకున్నాక కన్వర్టర్ నిజంగానే అరిగిందని ఒప్పుకోక తప్పలేదు. దాన్ని తీసేసి ఖాళీ గొట్టం పెడతామనేవాళ్లు దొరుకుతారు. అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం, అటు వెళ్లొద్దని గట్టిగా చెప్పాను. వేరే కంపెనీ కన్వర్టర్ వేయించాడు. గొట్టంతో కలిపి ఖర్చు ఎనిమిది వందల లోపే అయింది. మూడు సెన్సర్లూ పాతవే, ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఇండియా నుంచి వచ్చాక వణికే బళ్లు

పెళ్లికో, పిల్లల సెలవులకో ఆరు వారాలు ఇండియా వెళ్లొస్తాం. గరాజ్‌లో కారు బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. జంప్ స్టార్ట్ చేస్తాం, లేదా కొత్త బ్యాటరీ వేస్తాం. అప్పటిదాకా బుద్ధిగా ఉన్న బండి ఐడ్లింగ్‌లో ఊగడం మొదలుపెడుతుంది. చాలాసార్లు అందులో ఏదీ పాడై ఉండదు. థ్రాటిల్ అంచున ఏళ్ల తరబడి పేరుకున్న మసికి తగ్గట్టు కంప్యూటర్ తన లెక్కను సర్దుకుంటూ వచ్చింది. కరెంటు పోగానే ఆ నేర్చుకున్నదంతా మర్చిపోయింది. థ్రాటిల్‌ను దానికోసం అమ్మే క్లీనర్‌తో తుడిచి, కంపెనీ చెప్పిన ఐడిల్ లెర్న్ పద్ధతి చేయాలి. చాలా హోండా కార్లలో ఏసీ, లైట్లు అన్నీ ఆపి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగే వరకు 3,000 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచి, తర్వాత కాలు తీసేసి ఐదు నిమిషాలు అలా వదిలేస్తారు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, మీ మోడల్‌ది చూసుకోండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే తాళంచెవి ఆన్‌లో ఉండగా ఆ రేకును వేలితో నెట్టొద్దు. అది ఒక్కసారిగా కదిలితే వేలు నలుగుతుంది.

అదే ఆరు వారాల్లో ఎలుకలు వైరు కొరికి ఉండొచ్చు కూడా. దీనికి రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రాత్రంతా నిలిపిన కారును పొద్దున స్టార్ట్ చేయకుండా తాళంచెవి ఆన్ వరకే తిప్పి, కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రత చూడండి. రెండూ బయటి వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి దాదాపు సమానంగా ఉండాలి. కూలెంట్ మైనస్ 40 అని చూపిస్తే వైరు తెగిందనో, ప్లగ్ ఊడిందనో అర్థం. (ఫారెన్‌హీట్, సెల్సియస్ రెండూ కలిసేది ఆ అంకె దగ్గరే, కాబట్టి యాప్ సెట్టింగుతో పనిలేదు!) ఇంజన్ మంచులో ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు కుమ్మరిస్తుంది. బండి నల్లపొగ కక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. కూలెంట్ మట్టం తగ్గి లోపల గాలి చేరినా కొన్ని పాత కార్లలో ఐడ్లింగ్ ఊగుతుంది. ముందు మూత తీసి చూసుకోండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే.

లైటు వెలుగుతూ ఆరుతూ మెరుస్తుంటే మాత్రం పరీక్షలేవీ వద్దు. తీవ్రమైన మిస్సింగ్ ఉందని దాని అర్థం. కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. నెమ్మదిగా పక్కకు ఆపి టో చేయించడమే మేలు.

కోడ్ చెరిపేస్తే పోదు

అడాప్టర్ కొన్నవాళ్లందరికీ ముందు చేయి వెళ్లేది ‘క్లియర్’ బటన్ మీదికే. దానితో కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లోపం పట్టుబడిన క్షణాన వేగం, ఆర్పీఎం, ఉష్ణోగ్రత ఎంతో రాసి ఉంచిన నమోదు అది. స్క్రీన్‌షాట్ తీసుకోకుండా చెరిపితే సాక్ష్యం చించేసినట్టే. పైగా కారు తనను తాను పరీక్షించుకునే మానిటర్లన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేసినా డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హ్యారిస్ వంటి కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ అలాగే ఉంది. 2001, ఆ తర్వాతి మోడళ్లకు ఒక్క మానిటర్ వరకే పూర్తికాకపోయినా ఊరుకుంటారు. పొద్దున కోడ్ చెరిపి మధ్యాహ్నం టెస్టుకు వెళ్తే వెనక్కి పంపిస్తారు. కొన్ని రోజులు ఊళ్లోనూ, హైవే మీదా మామూలుగా నడపాలి. పెట్రోలు ట్యాంకు మరీ నిండుగా, మరీ ఖాళీగా ఉన్నా కొన్ని మానిటర్లు మొదలే కావు. రిజిస్ట్రేషన్ గడువుకు నెల ముందే ఈ పని పెట్టుకోండి.

షాపుకు వెళ్లాల్సి వచ్చినా నామోషీ ఏం లేదు. డయాగ్నోసిస్‌కు విడిగా డబ్బు తీసుకునే మెకానిక్‌నే నేను ఇష్టపడతాను. ‘‘కోడ్ సరే, ఈ భాగం పోయిందని ఏ పరీక్షలో తేలింది?’’ అని అడగండి. పరీక్ష చేసినవారు అంకెలు చూపిస్తారు.

ఈ ఫాల్ సెమిస్టర్‌కు వచ్చి పాత కారు వెతుకుతున్న పిల్లలు మీకు తెలిసినవాళ్లుంటే ఈ అడాప్టర్ ఒకటి వాళ్ల చేతికివ్వండి. బేరానికి వెళ్లినప్పుడు డాష్‌బోర్డు మీద లైటు లేదని సంబరపడకుండా మానిటర్ల పేజీ తెరవమనండి. సగానికి పైగా ‘నాట్ రెడీ’ అని ఉంటే, ఈమధ్యే బ్యాటరీ తీసి ఉండాలి, లేదా ఎవరో కోడ్‌లు చెరిపి ఉండాలి. ఏదని అమ్మేవారినే అడిగి, వారం తర్వాత మళ్లీ చూపించమనండి.