తెరపై గణితసంకేతము - తెలుగు లిపి

సాఫ్ట్‌వేరు వివరణగ్రంథములు నేడు చాలవరకు బ్రౌజరు తెరపైననే చదువబడుచున్నవి. వానిలో గణితసూత్రమును బొమ్మగా అతికించు అలవాటు ఒకటి కలదు. అట్టి బొమ్మ కంటికి ఇంపుగానే యుండవచ్చును. కాని అందలి రాశిని వెదకి పట్టుట సులభము కాదు. చూపు లేని పాఠకునికి చదివి వినిపించు యంత్రమునకు అది మూగయే. కావున సంకేతమును చూపుటకు ముందు, దాని అర్థమును చెడకుండ వ్రాయుట అవసరము.

ఈ విచారము తెలుగువారికి క్రొత్తది కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించినపుడు గణితము పద్యములోని మాటలతోనే నడచెను. లెక్కల పద్దులలో మాత్రము భిన్నములకు గుర్తులు వాడుకలోనికి వచ్చినవి. కాలు, అర, ముక్కాలు అనువానికి నిలువు గీతలు: ౹, ౺, ౻. ఒకటి, రెండు, మూడు వీసములకు అడ్డగీతలు: ౼, ౽, ౾. ముక్కాలు ప్రక్కన రెండు వీసములుంచి ౻౽ అని వ్రాసినచో ఎనిమిదింట ఏడు వంతులగును. ఇందు ప్రతి స్థానమును తన ముందుదానిలో నాలుగవ వంతు. గీత నిలువో అడ్డమో చూచి స్థానమును గుర్తింపవచ్చును. 2008లో యూనికోడ్ 5.1 ఈ గుర్తులను చేర్చుకొన్నపుడు, నాలుగు యొక్క బేసి ఘాతములు, సరి ఘాతములు అను విలువను బట్టియే వానికి పేరులిడెను.

సూత్రములకును ఇట్టి వ్యవస్థయే కావలెను. డోనాల్డ్ నూత్ 1978లో వెలువరించిన టెక్ నందు భిన్నమును, మూలమును ఆదేశములతో వ్రాయుదురు. 1998లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం అంగీకరించిన మాథ్‌ఎంఎల్ నందు లవము, హారము, ఘాతము వేర్వేరు అంగములుగా గుర్తింపబడును. 2023 జనవరిలో వెలువడిన క్రోమ్ 109 దీని మూలభాగమును స్వీకరించెను.

అయినను తెలుగునకు ఒక చిక్కు కలదు. ‘వాన’ అను రాశికి దిగువ, సూర్యాపేట జిల్లాలోని ‘మేళ్లచెరువు’ పేరును చిన్న అక్షరములతో ఉంచితిమనుకొనుడు. ఆ ఊరి వర్షపాతమని భావము. టెక్ గణితభాగమున ప్రక్కప్రక్కనున్న వర్ణములు విడివిడి రాశులు. ఆంగ్లాక్షరమునకు ఇది సరిపోవును. మన పేరులో మాత్రము ‘ళ్ల’ విడిపోవును; గుణింతపు గుర్తులు తరచు చుక్కల వలయములపై నిలుచును. ఆ పదమును ‘టెక్స్ట్’ అను ఆదేశములో ఇమిడ్చిన, లేదా మాథ్‌ఎంఎల్‌లో ఒకే అంగముగా వ్రాసిన, అక్షరము అక్షరముగానే యుండును.

ఈ చిన్న జాగ్రత్త లేనందున తెలుగులో గణితము వ్రాయువారు బొమ్మలనో, ఆంగ్లాక్షరములనో ఆశ్రయించుట సంభవించుచున్నది. లిపికి ఆ శక్తి లేదని దానివలన తలపరాదు. వీసమును అడ్డగీతతో తెలిపిన లిపికి సూత్రమును మోయు సత్తువ కలదు. దానిని పదముగా గుర్తించి వ్రాయుట మన పని.