వెళ్లినంత తేలిక కాదు తిరిగి రావడం

సూరత్ అనగానే తెలుగువారికి చీరలు గుర్తుకొస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లి అక్కడే స్థిరపడిన నేత కుటుంబాలు, మరమగ్గాల చప్పుడు గుర్తుకొస్తాయి. చిన్న విమానాలు నడిపేవారికి ఆ ఊరు మరోలా కనిపిస్తుంది. మ్యాప్ మీద అహ్మదాబాద్ నుంచి ముంబయిలోని జుహూ వరకు ఒక గీత గీయండి. అది దాదాపు నిలువుగా ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంది. దానికి ఇంచుమించు నడిమధ్యన సూరత్ ఉంటుంది. అటు సుమారు 220 కిలోమీటర్లు, ఇటు సుమారు 220 కిలోమీటర్లు.

ఈ ఆకాశమార్గానికి చరిత్ర ఉంది. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా పస్ మాత్ అనే చిన్న విమానంలో టపా సంచులు వేసుకుని కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా జుహూ చేరారు. రేడియో సాయం లేని ఆ ప్రయాణంతోనే టాటా విమాన సర్వీసు మొదలైంది. సరిగ్గా 89 ఏళ్ల తర్వాత, 2021 అక్టోబర్ 15న ఆరోహి పండిట్ అనే యువ పైలట్ ఆ ప్రయాణాన్ని మళ్లీ చేసి చూపించారు. భుజ్ నుంచి బయలుదేరి, అహ్మదాబాద్‌లో ఆగి, జీపీఎస్ సాయం లేకుండా జుహూలో దిగారు. ఆమె నడిపింది పిపిస్ట్రెల్ సైనస్ అనే లైట్ స్పోర్ట్ విమానం. అంతకు రెండేళ్ల ముందు, 2019 మేలో, లైట్ స్పోర్ట్ విమానంలో అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా దాటిన తొలి మహిళగా ఆమె పేరు పొందారు.

ఇలాంటి విమానాలున్నవారికి చాలా దేశాల్లో ఒక అలవాటు ఉంది. సెలవు రోజున తలా ఒక చోటి నుంచి ఎగిరి, ఒకే విమానాశ్రయంలో కలుసుకుని, కబుర్లు చెప్పుకుని, భోంచేసి, సాయంత్రానికి ఇళ్లకు చేరతారు. సరదాగా కనిపించే ఈ రాకపోకల వెనుక భౌతికశాస్త్రం ఎంతో ఉంది. తిరుగు ప్రయాణంలో అది మరీ ముఖ్యం.

ఏమిటీ లైట్ స్పోర్ట్ విమానం?

2004లో అమెరికా విమానయాన సంస్థ ఈ తరగతికి కొన్ని హద్దులు పెట్టింది. ఒకే ఇంజన్, రెండే సీట్లు, నేల నుంచి ఎగిరే రకమైతే అన్నీ కలిపి గరిష్ఠంగా 600 కిలోల బరువు. అంటే మనుషులు, ఇంధనం, సామాను అన్నీ ఎక్కాక కూడా ఇది ఖాళీగా ఉన్న చిన్న కారుకన్నా తేలిక. అమెరికాలో ఈ నిబంధనలు ఇటీవల సడలినా, 600 కిలోలన్న కొలత ప్రపంచమంతటా ఈ విమానాలకు గుర్తుగా మిగిలిపోయింది.

బెంగళూరులోని సీఎస్ఐఆర్–నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ రూపొందించిన రెండు సీట్ల హంస–ఎన్‌జీ ఈ హద్దుకన్నా కాస్త బరువైనదే. అయినా దీనికి దగ్గరి బంధువు. 2021 సెప్టెంబర్‌లో అది తొలిసారి ఎగిరింది. ఆరోహి నడిపిన విమానంలో లాగే దానిలోనూ రోటాక్స్ 912 కుటుంబానికి చెందిన ఇంజనే ఉంది.

ఒక ఆదివారాన్ని ఊహించుకుందాం

జనవరి నెల మధ్య. ఇద్దరు మిత్రులు సూరత్‌లో కలుసుకోవాలనుకున్నారు. ఒకరు అహ్మదాబాద్ నుంచి, మరొకరు ముంబయి నుంచి వస్తారు. ఇద్దరి విమానాల వేగం గంటకు 160 కిలోమీటర్లు. గాలి లేకపోతే 220 కిలోమీటర్లకు ఎనభై మూడు నిమిషాలు పడుతుంది. రానూపోనూ 165 నిమిషాలు.

ఆ రోజు ఉత్తరం నుంచి గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తోందనుకుందాం. అహ్మదాబాద్ మిత్రుడిని ఆ గాలి వెనక నుంచి నెడుతుంది. నేల మీది లెక్కలో ఆయన వేగం 200 కిలోమీటర్లు అవుతుంది. 66 నిమిషాల్లో సూరత్ చేరతాడు. తిరిగి వెళ్లేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది. వేగం 120కి పడిపోతుంది, ప్రయాణం 110 నిమిషాలు పడుతుంది.

పోయేటప్పుడు కలిసొచ్చిన సమయం, వచ్చేటప్పుడు పోయిన సమయం ఒకదానికొకటి చెల్లవుతాయని మనకు అనిపిస్తుంది. కానీ లెక్క అలా రాదు. 66, 110 కలిపితే 176 నిమిషాలు. గాలి లేని రోజుకన్నా ఎక్కువే. కారణం సులువు. అనుకూలమైన గాలిలో మనం తక్కువ సేపు ఉంటాం, ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం. కాబట్టి నష్టం ఎప్పుడూ లాభాన్ని మించుతుంది.

ఇప్పుడు ఇంధనం. ఈ తరహా ఇంజన్ గంటకు 18 లీటర్లు తాగుతుందనుకుంటే, వచ్చేటప్పుడు 20 లీటర్లు ఖర్చయ్యాయి. "20 లీటర్లతో వచ్చాను కదా, ఇంకో 20 ఉంటే చాలు" అనుకుంటే ప్రమాదమే. తిరుగు ప్రయాణానికి 33 లీటర్లు కావాలి. పగటిపూట చూపు మీద ఆధారపడి ఎగిరే విమానంలో, గమ్యం చేరాక కూడా మరో అరగంట ఎగరగలిగేంత ఇంధనం మిగిలి ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. దానికి మరో 9 లీటర్లు. మొత్తం 42.

పొద్దున్న వచ్చిన విమానం, మధ్యాహ్నం బయలుదేరే విమానం

సూరత్ విమానాశ్రయం సముద్రానికి దగ్గరలో, ఇంచుమించు సముద్ర మట్టంలో ఉంది. జనవరిలో తెల్లవారుజామున అక్కడ 15 డిగ్రీల ప్రాంతంలో ఉండే ఉష్ణోగ్రత మధ్యాహ్నానికి 30కి చేరుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కలకు ఊతం తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు పట్టు తగ్గుతుంది, ఇంజన్‌లోకి వెళ్లే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది.

పైలట్లు దీన్ని ఎత్తు రూపంలో లెక్కిస్తారు. సముద్ర మట్టంలో ప్రామాణిక ఉష్ణోగ్రత 15 డిగ్రీలు. దానిపై పెరిగే ప్రతి డిగ్రీకీ విమానం సుమారు 36 మీటర్లు పైన ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. 30 డిగ్రీల మధ్యాహ్నం సూరత్ రన్‌వే 540 మీటర్ల ఎత్తున్న ఊళ్లో ఉన్నట్టే. మే నెలలో 40 డిగ్రీలు ఉంటే 900 మీటర్లు, అంటే దాదాపు బెంగళూరు ఎత్తు. గాలి సాంద్రత ఇంత తేడా తెస్తుంది కాబట్టే, బెంగళూరులో ఎగిరిన హంస–ఎన్‌జీని 2022 ఫిబ్రవరిలో పుదుచ్చేరికి తీసుకెళ్లి సముద్ర మట్టం దగ్గర మళ్లీ పరీక్షించారు.

దీనికి సామాను తోడవుతుంది. ఖాళీ విమానం 340 కిలోలు, ఇద్దరు మనుషులు 150, ఇంధనం 70 అనుకుంటే 600లో మిగిలేది 40 కిలోలే. సూరత్ దాకా వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెళ్తారా? నాలుగు చీరల కట్టలు, రెండు పెట్టెల ఘారీ మిఠాయి వెనక సీటు చాటున చేరతాయి. మొత్తం బరువు హద్దులోనే ఉన్నా, అది ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. బరువు తోకవైపు జరిగితే ముక్కు పైకి లేవాలని చూస్తుంది. ముక్కు మరీ లేస్తే రెక్కల మీద గాలి ప్రవాహం తెగిపోయి విమానం ఒక్కసారిగా కిందికి జారుతుంది.

గాలి దిశ కూడా మారవచ్చు. పగలు నేల సముద్రంకన్నా త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రపు గాలి వస్తుంది. సూరత్ రన్‌వే ఈశాన్య–నైరుతి దిశల్లో ఉంది. దాని చివరలకు 04, 22 అని పేర్లు. దిక్సూచి డిగ్రీల్లో చివరి సున్నా తీసేస్తే వచ్చే అంకెలివి. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా ఎగరాలి, ఎదురుగా దిగాలి. పొద్దున్న ఈశాన్యపు గాలికి అనువైన చివర, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక పనికిరాకపోవచ్చు.

అందరూ ఒకేసారి వస్తే

కొద్దిమంది కలిస్తే ఇబ్బంది లేదు. వేలమంది వస్తే? అమెరికాలోని ఆష్‌కాష్‌లో ఏటా జూలైలో జరిగే ఎయిర్‌వెంచర్ వేడుకకు ఆ ప్రాంతపు విమానాశ్రయాలకు పది వేలకు పైగా విమానాలు వస్తాయి. అక్కడి ఏర్పాటు మన తీర్థాల్లో క్యూలైన్‌ను తలపిస్తుంది. చిన్న విమానాలు రైలు పట్టాల వెంబడి, అరమైలు ఎడంతో, నిర్ణీత ఎత్తులో, 90 నాట్ల వేగంతో ఒకదాని వెనక ఒకటి రావాలి. ఫిస్క్ అనే పల్లె దగ్గర కంట్రోలర్లు తలెత్తి చూసి, విమానం రంగును, రకాన్ని బట్టి పిలుస్తారు. పైలట్ నోటితో బదులివ్వక్కర్లేదు, రెక్కలు ఊపితే చాలు. మాటలు తగ్గితే రేడియో ఖాళీగా ఉంటుంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే మనిషి కంటికి ఒక లోపం ఉంది. కదిలేవాటిని కన్ను ఇట్టే పట్టేస్తుంది. కానీ మనల్ని ఢీకొనబోయే విమానం అద్దంలో కదలదు. రెండూ తిన్నగా, ఒకే వేగంతో ఒకే బిందువు వైపు సాగుతున్నప్పుడు ఎదుటి విమానం ఒకే చోట చుక్కలా నిలిచి, చివరి క్షణాల్లో హఠాత్తుగా పెద్దదవుతుంది. అందుకే పైలట్లు ఆకాశాన్ని ముక్కలుగా విభజించుకుని, ఒక్కో ముక్క మీద చూపు ఆపుతూ గాలిస్తారు.

సూరత్‌లో మరో జాగ్రత్త కావాలి. అక్కడ ప్రయాణికుల జెట్ విమానాలు తిరిగేదీ అదే రన్‌వే మీద. పెద్ద విమానం రెక్కల కొసల నుంచి సుడిగాలులు పుట్టి కాసేపు అలాగే ఉంటాయి. 600 కిలోల విమానాన్ని అవి బోర్లా తిప్పేయగలవు. అందుకే చిన్న విమానాన్ని రెండు మూడు నిమిషాలు ఆపి పంపుతారు.

పొద్దు వాలేవేళ

మన మిత్రుల దగ్గరికి తిరిగొద్దాం. కబుర్లలో పడి సాయంత్రం నాలుగున్నర అయింది. ముంబయి మిత్రుడు చెయ్యి ఊపి బయలుదేరాడు. ఆయనకిప్పుడు గాలి అనుకూలం. 66 నిమిషాల్లో, 5:36కి, వెలుతురు ఉండగానే జుహూలో దిగుతాడు. అది చూసి అహ్మదాబాద్ మిత్రుడికీ వెళ్లిపోవాలనిపిస్తుంది. కానీ ఆయనకు 110 నిమిషాలు పడుతుంది. చేరేసరికి 6:20. ఆ రోజుల్లో సూర్యాస్తమయం 6:15 ప్రాంతంలో. మన దేశంలో చూపు మీద ఆధారపడే విమానాలు సూర్యాస్తమయమైన 20 నిమిషాల తర్వాత ఎగరకూడదు. అంటే ఆయనకు మిగిలేది పావుగంట. ఎదురుగాలి కాస్త పెరిగినా, దిగడానికి వరసలో ఆగాల్సి వచ్చినా అదీ ఉండదు. ఆ వేళకు శీతకాలపు పొగమంచు, ధూళి కమ్మి ఉంటాయి. పడమటి వైపు దిగాల్సి వస్తే వాలిన సూర్యుడు కళ్లలో కొడతాడు.

పొద్దున్న ఆయనకు దారి చూపినవి నదులు. సబర్మతి దాటాక మహి, తర్వాత నర్మద, చివరికి తపతి. మసక వెలుతురులో అవీ కనబడవు. దిగంతం కనబడనప్పుడు ఏమవుతుందో 1954లో ఇల్లినాయి విశ్వవిద్యాలయం పరీక్షించింది. పరికరాల మీద ఆధారపడి ఎగరడం రాని 20 మందిని బయట ఏమీ కనబడని పరిస్థితిలో విమానం నడపమన్నారు. 20 మందీ అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకన్లు, మూడు నిమిషాలు కూడా కాదు.

కారణం మన లోచెవిలో ఉంది. అక్కడి అర్ధవృత్తాకార గొట్టాల్లో ద్రవం ఉంటుంది. తల తిరగడం మొదలైనప్పుడు ద్రవం వెనకబడుతుంది, మెదడు దాన్ని గుర్తిస్తుంది. మలుపు ఒకే తీరుగా కొన్ని సెకన్లు సాగితే ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరుగుతుంది. అప్పుడు మెదడుకు తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. విమానం ఒక పక్కకు ఒరిగి సుడి తిరుగుతూ కిందికి జారుతున్నా శరీరానికి తెలియదు. ధైర్యవంతుడి చెవి కూడా ఇలాగే పనిచేస్తుంది.

నిర్ణయం ఎప్పుడు తీసుకోవాలి?

ఇంటికి చేరాలన్న తొందర పైలట్లకు పాత శత్రువు. రేపు ఆఫీసు ఉంటుంది, ఇంట్లోవాళ్లు ఎదురు చూస్తుంటారు, పక్కవాడు అప్పటికే వెళ్లిపోయాడు. వీటిలో ఏదీ వాతావరణానికి సంబంధించింది కాదు, అయినా అన్నీ పైలట్‌ను ముందుకు నెడతాయి. దీనికి అనుభవజ్ఞులు చెప్పే ఉపాయం ఒకటే. హద్దును పొద్దున్నే, మనసు తేరుకుని ఉన్నప్పుడే పెట్టుకోవాలి. మన అహ్మదాబాద్ మిత్రుడు ఉదయమే ఇలా రాసుకుని ఉంటే సరిపోయేది: "మూడున్నరలోపు బయలుదేరితే 5:20కి చేరతాను. అది దాటితే ఈ రాత్రి సూరత్‌లోనే." అప్పుడు నాలుగున్నరకు ఆలోచించడానికి ఏమీ మిగలదు, గది వెతుక్కోవడం తప్ప.

మన దేశంలో ప్రతి ప్రయాణానికీ ముందు ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి. ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ నుంచి, వైమానిక రక్షణ విభాగం నుంచి అనుమతి నంబర్లు తీసుకోవాలి. తిరుగు ప్రయాణానికి ఇవన్నీ మళ్లీ కొత్తగా కావాలి. కాగితాల మీదే కాదు, గాలి లెక్కలోనూ అది వేరే ప్రయాణమే. గాలి, వేడి, బరువు, వెలుతురు అన్నీ కొత్తగా లెక్కగట్టుకున్నాకే ఇంజన్ స్టార్ట్ చేయాలి. లెక్క కుదరకపోతే విమానాన్ని కట్టేసి, ఇంటికి ఫోన్ చేసి, పొద్దున్నే బయలుదేరతానని చెప్పడం కూడా పైలట్ నేర్చుకోవాల్సిన విద్యే.